కుడి పక్క తలుపు

మా ఆయన పోయి ఏడాదిన్నర అయింది. మొన్నమొన్నటిదాకా, మా అబ్బాయి పనికి పోయాక, పగటిపూట ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, మా కోడలు, ఒక జర్మన్ విమానం.

నిజం విమానం కాదు, ప్లాస్టిక్‌ది. పొడవు మూరెడు కూడా ఉండదు. అయినా అది ఈ ఇంట్లో ఆక్రమించుకున్నంత చోటు నాకెప్పుడూ దక్కలేదు. దేశం కాని దేశంలో, పాపటోయిటోయి అనే పేటలో మూడు పడగ్గదుల ఇల్లు కొన్నామని బంధువులంతా కుళ్ళుకున్నారు. ఒక గది దాని పుస్తకాలకు పోయింది. భోజనాల బల్ల సగం దాని రంగు సీసాలకు పోయింది. మిగిలిన సగంలో మేము ఒదిగి కూర్చుని తిన్నాం.

నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు పెద్దగా ఉంటే బొమ్మల్లా గుర్తుపడతాను. ఎయిర్‌పోర్టు పక్కన, విమానాల్లోకి భోజనాల ట్రేలు సర్దే చోట చాలా ఏళ్ళు చేశాను. ఏ ట్రే ఏ బండిలోకి పోవాలో స్టిక్కర్ రంగూ ఆకారమూ చూసి పెట్టేదాన్ని. పక్కనున్న చదువుకున్నవాళ్ళు చదివి చదివి తప్పు పెట్టేవాళ్ళు. "అత్తయ్యా, మావయ్య గురించి కాస్త మర్యాదగా చెప్పండి, నలుగురూ చదువుతారు" అంటోందీ పిల్ల. ఉన్నది రాయవే తల్లీ. మర్యాదంతా ఆయన విమానానికే ఇచ్చేశాడు, నా దగ్గర నిల్వ లేదు.

అసలు ఈ శని మా ఇంట్లోకి నా చేతి మీదుగానే వచ్చింది. ఇల్లు కొన్న కొత్తలో, పాలు పొంగించే రోజు, వీధి తలుపుకి పసుపు రాసి కుంకుమతో స్వస్తిక్ వేశాను. మా అమ్మ వేసేది, నేనూ వేశాను. నాలుగు చేతులు, నాలుగు చుక్కలు. పాలు పొంగాయి. అంతలో పక్కింటాయన వచ్చాడు. తెల్లాయన, అప్పటికే యాభై దాటినవాడు, పొట్టి నిక్కరూ గమ్ బూట్లూ. ముఖం నా కుంకుమ కంటే ఎర్రగా ఉంది.

"ఆ గుర్తు తుడిచెయ్యండి. నా గోడ పక్కన అది ఉండటానికి వీల్లేదు. మా నాన్న దాని మీదే యుద్ధం చేశాడు" అన్నాడు.

మా ఆయన నాకు అండగా నిలబడతాడనుకున్నాను. నిలబడ్డాడు, బకెట్టు పట్టుకుని. "సారీ సార్, వన్ మినిట్ సార్" అంటూ తనే తుడిచాడు. తుడిచి ఊరుకున్నాడా, మా గుర్తు వేరు, మీరు తిట్టే గుర్తు వేరు అని నచ్చజెప్పడానికి ఆయన వెనకాలే వాళ్ళ గరాజ్‌కి వెళ్ళాడు. పావుగంటలో వస్తానన్నాడు. పాయసం గట్టిపడి గరిటె నిలబడేదాకా రాలేదు. వచ్చేసరికి చేతిలో ఒక ఫొటో కాపీ, కళ్ళలో ఒక వెలుగు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా ఆ వెలుగు లేదు.

"ఏమే, ఇదేమిటో చెప్పు చూద్దాం?" అన్నాడు.

"రేకుల షెడ్డు" అన్నాను.

తప్పేమన్నాను? ఆ విమానం ఒళ్ళంతా ముడతల రేకే. మా తెనాలి వైపు గొడ్ల సావిళ్ళ మీద వేసే రేకు లాంటిదే. ముక్కున ఒక ఇంజను, రెక్కకొకటి చొప్పున ఇంకో రెండు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు సిపాయిల్నీ సరుకునీ మోయడానికి వాడారట. పేరు యూ-యాభైరెండు. వాళ్ళ సిపాయిలు ముద్దుగా ఆంటీ అని పిలుచుకునేవారని మా ఆయన మురిసిపోతూ చెప్పాడు. ఆ పూట నుంచి మా ఇంట్లో ఒక ఆంటీ కాపురం పెట్టింది.

ఇక ఆ ఫొటో. పక్కింటాయన నాన్న క్రీట్ దీవిలో జర్మన్ల మీద పోరాడి, కాలికి గుండు తగిలి, వాళ్ళకే చిక్కాడు. గాయపడిన ఖైదీలు కొందరిని ఇలాంటి విమానంలోనే గ్రీసుకు తరలించారట. తోటి ఖైదీ ఒకడు దాచిపెట్టిన ఫిల్మును యుద్ధమయ్యాక కడిగించి, ఆ నాన్నకో ఫొటో పోస్టులో పంపాడు. అందులో కనిపించేది విమానం వెనక సగం. బార్లా తెరిచిన పెద్ద తలుపు. స్ట్రెచర్లు ఎక్కిస్తూ మనకు వీపులు పెట్టిన మనుషులు. విమానం ఒంటి మీద నల్ల శిలువ, దాని పక్కన తలకాయల సందులోంచి ఒకే ఒక్క అక్షరం, రెండు కర్రల మధ్య ఒక మెట్టు పెట్టినట్టుండే హెచ్. తోక మీద ఉన్న జర్మన్ల స్వస్తిక్ గుర్తును ఆ నాన్నే చాకుతో గీకేశాడు, కోపంతో.

ఆ నాన్న యుద్ధం గురించి ఇంట్లో చెప్పింది ఒకే ఒక్క ముక్క. "కుడి పక్క పెద్ద తలుపులోంచి నన్ను ఎక్కించారు. ఎక్కించిన జర్మన్ సిపాయి తన నీళ్ళ సీసా నా గుండెల మీద పెట్టి దిగిపోయాడు." ఇంతే. పక్కింటాయనకు పదహారేళ్ళ వయసులో తెలివి ముదిరింది. ఫొటోలో ముక్కు ఎడమకుంది, తోక కుడికుంది, అంటే మనకు కనబడేది విమానం ఎడమ పక్క. తలుపు ఎడమ పక్కనుంటే కుడి పక్కనుంచి ఎక్కడమేమిటి? స్నేహితులందరి ముందూ ఫొటో నాన్న ముఖాన పెట్టి, "నువ్వసలు ఎక్కనే లేదు, ఎవరిదో ఫొటో తెచ్చి కథలు చెబుతున్నావు" అన్నాడట. ఆ నాన్న లేచి తోటలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ముక్క ఎత్తలేదు. ఎత్తకుండానే పోయాడు.

పక్కింటాయనకు కావలసిందల్లా ఒకటే: మా నాన్న అబద్ధమాడాడా, లేదా?

ఇంత చిన్న ప్రశ్న. మా ఆయన చేతిలో పడి ఇరవై ఏళ్ళు తిని బతికింది.

ఆ విమానంలో ఎన్ని రకాలో నాకు తెలిసినట్టు మా పిల్లాడి టీకాలు కూడా నాకు తెలియవు. నీళ్ళ మీద దిగడానికి కాళ్ళకు పడవలు కట్టుకున్న రకం ఒకటి. మంచు మీద జారే రకం ఒకటి. నడుము చుట్టూ గాడిపొయ్యంత రింగు తగిలించుకుని సముద్రంలో మైన్లు పేల్చే రకం ఇంకొకటి. ఎర్ర ప్లస్సు గుర్తు వేసుకుని రోగుల్ని మోసేది మరొకటి. మళ్ళీ వాటి అలంకారాలు: రష్యా వైపు పోతే నడుముకు పసుపు పట్టీ, మధ్యధరా సముద్రం వైపు పోతే తెల్ల పట్టీ, గ్రీసు వైపు పనిచేసిన వాటిలో కొన్నిటికి ముక్కున పసుపు. పసుపు అంటే ఏ పసుపు? దానికో ఏడాది. మామిడిపండు పసుపా, నిమ్మకాయ పసుపా అని నా ముందు రెండు చెంచాలు పెట్టి అడిగాడు. పెళ్ళయ్యాక ఏ చీర రంగు గురించీ నన్నూ అడగలేదు, తనూ చెప్పలేదు.

ఆదివారం ఆదివారం క్లబ్బు. బొమ్మ విమానాలు కట్టే మగవాళ్ళంతా ఒక హాల్లో చేరతారు. తలా ఒక డబ్బా బిస్కెట్లు, ఒక పోట్లాట. ఈ ఫొటో మీద అక్కడ రెండు పార్టీలు పుట్టాయి. ఈ జాతి విమానాలన్నిటికీ సామానెక్కించే పెద్ద తలుపు కుడి పక్కే ఉంటుంది, ఎడమ పక్కనుండేది మనుషులెక్కే చిన్న తలుపు. కాబట్టి ఫొటో కడిగినవాడు ఫిల్మును తిరగేసి పెట్టాడు, కుడి ఎడమైంది అని ఒక పార్టీ. కాదు, ఇది తలుపు మార్చిన ప్రత్యేక రకం అని ఇంకో పార్టీ. తేల్చడానికి ఆధారం లేదు. శిలువ తిరగేసినా శిలువే. హెచ్ తిరగేసినా హెచ్చే. మనుషులు వీపులు పెట్టారు. తోక మీది గుర్తొక్కటే చెప్పగలదు, ఎందుకంటే జర్మన్లు రెండు పక్కలా దాన్ని ఒకే వైపు, మన స్వస్తిక్ తిరిగే వైపే, తిరిగేలా వేసేవారు. అదేమో గీకుడు పాలైంది. భూతద్దాలు పెట్టి చూశారట. చూడటమంటే ఏం చూశారు, ఆ గుర్తంటే వాళ్ళకు కంపరం. బొమ్మ విమానాల పెట్టెల్లో కూడా మిగతా స్టిక్కర్లన్నీ ఇచ్చి అదొక్కటీ ఇవ్వరు. తోక ఖాళీగా వదిలేస్తారు.

మా ఆయన ప్రత్యేక రకం పార్టీకి పెద్ద. గాయపడినవాళ్ళను త్వరగా ఎక్కించడానికి ఎడమ పక్క కూడా తలుపు కోశారని ఆయన సిద్ధాంతం. దాన్నే ఎందుకు పట్టుకు వేలాడుతున్నాడో నాకు మొదట్లో అర్థం కాలేదు. తరువాత తెలిసింది: ఫిల్ము తిరగేశారనడానికి రుజువు లేదు, ఇలాగైతే విమానం నిజమే, ఆ నాన్న ఎక్కడమూ నిజమే, పక్క ఒక్కటే మరిచిపోయాడు. పక్కింటాయనకు సగం మనశ్శాంతి. మా ఆయన పద్ధతే అంత. పూర్తిగా ఏదీ ఎవరికీ ఇవ్వడు, సగం ఇచ్చి బాగుంది కదా అంటాడు.

చివరికి ఆ విమానం బొమ్మ తెప్పించి, దాని ఎడమ పక్కన సన్నటి రంపంతో తలుపు కోశాడు. మూడు వారాలు కోశాడు. రంగు వెయ్యకముందే, ఒక మధ్యాహ్నం, పెరట్లో షెడ్డు తాళం తీస్తూ గుమ్మంలోనే కూలిపోయాడు. ఆంబులెన్సు వచ్చేలోపే అయిపోయింది. అంత్యక్రియలకు క్లబ్బు మొత్తం వచ్చింది. నన్ను ఓదారుస్తూనే, వెనక్కి తిరిగి, ఆయన విమానం సంగతులు రాసుకున్న నోటుబుక్కులు ఎక్కడున్నాయని మా కోడల్ని అడిగారు.

ఈ ఏడాది రెండు సంగతులు ఒకే వారంలో వచ్చిపడ్డాయి. పక్కింటాయన ఇల్లు అమ్మేశాడు, రెండు వారాల్లో రెస్ట్ హోమ్‌కి, అదే ముసలివాళ్ళ ఆశ్రమానికి, పోతున్నాడు. ఒంట్లో బాగాలేదు, ఇంకో ఏడాది లేదని ఆయనే కంచె మీదుగా చెప్పాడు, వాన పడుతుందని చెప్పినట్టు. రెండోది, క్లబ్బు సెక్రటరీ వచ్చాడు. గడ్డం బొడ్డుదాకా ఉన్నాయన. ఫొటోను బల్లంత పెద్దది చేయించి తెచ్చి, మా బల్ల మీద పరిచాడు.

"మీ హస్బెండ్ మోడల్‌ని మా షోలో నడిమధ్య పెడతాం. కార్డు మీద ఆయన పేరు. ఎడమ తలుపు రకాన్ని కనిపెట్టినాయన అని. పదిరోజుల్లో రంగు వేయించి ఇవ్వగలరా?" అన్నాడు.

"ఆయనకు బతికుండగా ఇంట్లో కూడా నడిమధ్య చోటు దొరకలేదు, పోనీలే" అన్నాను. సెక్రటరీకి మన వెటకారం ఎక్కలేదు. థ్యాంక్యూ అన్నాడు. కానీ ఉన్నది చెప్పాలి కదా, ఆయన పేరు కార్డు మీద అనగానే లేచి వెళ్ళి సెక్రటరీకి టీ పెట్టాను. ట్రక్కుల్లోంచి పెట్టెలు దించీ దించీ నడుము పోగొట్టుకున్న మనిషి. ఒక్కచోట పేరు పడితే ఏం పోయింది?

మర్నాడు మా కోడలు కారు కొంది. పూజ నా డ్యూటీ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద పసుపు రాసి, కుంకుమతో స్వస్తిక్ వేశాను. మధ్యలో గీతలు, తరువాత ఒక్కో చేయీ గడియారం ముల్లు తిరిగే వైపుకు వంచడం. కొబ్బరికాయ కొడదామని వంగితే, కారు ముందద్దంలో నా గుర్తు నీడ కనిపించింది. ఎదురు తిరిగి ఉంది. అద్దంలో ఏదైనా అంతే కదా. అయినా శుభమా అని వేసిన గుర్తు ఎదురు తిరిగి కనబడితే మనసు ఊరుకోదు, చెంగుతో అద్దం కూడా తుడిచాను, అదేదో చెరిగిపోతుందన్నట్టు. మా కోడలు నవ్వింది. "రివర్స్‌లో వెళ్ళనులెండి అత్తయ్యా" అంది.

చేతికి కుంకుమతోనే లోపలికి వచ్చాను. బల్ల మీద ఆ ఫొటో ఉంది. ఇరవై ఏళ్ళుగా చిన్నదిగా చూసిన తోక ఇప్పుడు పళ్ళెమంత ఉంది. ఆ నాన్న చాకు మధ్యలోనే లోతుగా దిగింది. అంచున ఒక చోట, గీకుడుకి అందకుండా, చిటికెన గోరంత ముక్క మిగిలింది. ఒక చేయి బయటికి వచ్చి, వంగి, ఆగిన చోటు. మగవాళ్ళంతా దాన్ని మచ్చ అనుకున్నారు. వాళ్ళు ఆ గుర్తును చేత్తో వేసినవాళ్ళు కాదు కదా. నేను వేలు గాల్లో పెట్టి ఆ ముక్క మీదుగా తిప్పాను. వేలు వంగవలసిన వైపుకు వంగలేదు.

ఎదురు తిరిగి ఉంది. కారు అద్దంలో లాగా.

మా కోడల్ని పిలిచి చూపించాను. కాసేపు చూసింది, కాగితం మీద గీసింది, ఫోనులో ఫొటో తీసి తిప్పింది. "అత్తయ్యా! ఫొటోనే తిరగబడింది. ఇది కుడి పక్కే!" అని అరిచి, నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "అంటే... మావయ్యది తప్పన్నమాట."

"అరవకు. ఆయనకు వినబడుద్ది" అన్నాను.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? పక్కింటాయన నా తలుపు తుడిపించినాయన. ఆ ఫొటో కోసం నా మొగుణ్ణి ఇరవై ఏళ్ళు వాడుకున్నాయన. ఇటు నా మొగుడి పేరు కార్డు మీదికి ఎక్కబోతోంది. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, సెక్రటరీ గడ్డం కూడా చెక్కుచెదరదు. మూడోరోజు బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల పక్కింటాయన తన నాన్న సామాను పెట్టెల్లో సర్దుతున్నాడు. మెడల్స్ ఒక బట్టలో చుట్టాడు. ఆ ఫొటో ఫ్రేమును ఎత్తి, చూసి, చెత్తకు పోయే పెట్టెలో పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. గుడ్డలు గంపలో పడేసి, కుంకుమ భరిణె, చేతి అద్దం, ఒక తెల్ల కాగితం, సెక్రటరీ వదిలి వెళ్ళిన పెద్ద ఫొటో పట్టుకుని వెళ్ళాను.

"నువ్వు కూర్చో" అన్నాను, నా ఇంగ్లీషులో. ఆయన గరాజ్ మెట్టు మీద కూర్చున్నాడు. కాగితం మీద వేలితో ఆ గుర్తు వేశాను. ఆయన ముఖం మళ్ళీ ఎర్రబడింది.

"డియర్, ఇదేమిటి మళ్ళీ..."

"నోరు మూసుకుని చూడు. ఇది సరైన వైపు. ఇప్పుడు అద్దంలో చూడు. ఇప్పుడు మీ నాన్న గీకగా మిగిలింది చూడు."

చాలాసేపు చూశాడు. అద్దం ఒకసారి, ఫొటో ఒకసారి. నేను బాత్రూమ్ అద్దం కూడా తేవాలేమో అనుకున్నాను. తరువాత ఆయన అద్దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కుడి పక్కే ఎక్కించారు" అన్నాడు.

"కుడి పక్కే."

"ఆయన నిజమే చెప్పాడు. నేను ఆయన్ని అందరి ముందూ..." ఆపేశాడు. ఏడ్చాడని రాయకు, ఏడవలేదు. వాళ్ళు ఏడవరు. ముక్కు చీదుకుని, "కప్పు టీ దొరుకుతుందా?" అన్నాడు. ఇచ్చాను. నా వీధి తలుపు సంగతి ఎత్తుతాడేమో, ఒక సారీ అంటాడేమో అని చూశాను. చక్కెర ఎక్కువైందన్నాడు.

సెక్రటరీకి మా కోడలు ఫోన్ చేసి చెప్పింది. "మీ మామగారు ఒప్పుకునేవారు కాదు" అన్నాడట. అదొక్కటి నిజం చెప్పాడు. కార్డు లేదు, నడిమధ్య చోటూ లేదు. బొమ్మ పక్కింటాయనతో పోతుందని నేనే చెప్పాను.

ఇక ఎడమ పక్కన మా ఆయన కోసిన కంత మిగిలింది. లప్పం పెట్టి పూడుద్దామంటే ఆ ముడతలు లప్పంతో రావు, నున్నగా అతుకు కనబడుతుంది. ఆయన మందుల డబ్బా ఒకటి ఇంకా భోజనాల బల్ల సొరుగులో ఉంది, వారం రోజుల గళ్ళది. ఆయనకు దేన్నీ పారేసే అలవాటు లేదని జీవితమంతా తిట్టాను. సోమవారం గడిలో ఒక మాత్ర మిగిలింది. మంగళవారం గడిలో, దూది మీద, ఆ కోసిన ముక్క ఉంది. వేలి గోరంత తలుపు, ముడతలతో సహా.

తెచ్చి పెడితే సరిగ్గా కూర్చుంది. రంపం తిన్నంత మేర మాత్రం చుట్టూ సన్నటి గీత. కుడి పక్క పెద్ద తలుపు మా కోడలు తెరిచి అతికించింది. నోటుబుక్కు చదివి చెబుతుంటే నేను రంగులు వేశాను, పైన ఆకుపచ్చ, కింద లేత నీలం, ముక్కుకు మామిడిపండు పసుపు. తోక ఖాళీగా వదిలేశాం. ఆ గుర్తుతో పక్కింటాయన గొడవ ఆయనది, నా గొడవ నాది, ప్లాస్టిక్ ముక్క మీద తేలేవి కాదు.

వెళ్ళే రోజు పక్కింటాయన కారులో కూర్చుని బొమ్మను ఒళ్ళో పెట్టించుకున్నాడు. మెడల్స్ మూట పక్కన, ఫొటో ఫ్రేము కాళ్ళ దగ్గర. ముందు కుడి పక్క చూశాడు, తెరిచిన తలుపులోకి వేలు పెట్టి, లోపల మనిషి ఉన్నట్టు మెల్లగా తీశాడు. తరువాత తిప్పి ఎడమ పక్క చూశాడు. రంగు కింద కూడా ఆ గీత తెలుస్తోంది.

"ఈ చుట్టూ గీతేమిటి? రుద్దితే పోతుందా?" అన్నాడు.

"అది మా ఆయనది. చెయ్యి తియ్యి" అన్నాను.

తీశాడు.